ఇంజను లేని విమానం

మండువేసవి మధ్యాహ్నం తలయెత్తి చూస్తే ఆకాశంలో గద్ద ఒకటి గిరికీలు కొడుతూ కనిపిస్తుంది. అది రెక్కలాడించదు, అయినా కిందికి దిగదు. మనం చూస్తుండగానే చుట్టుచుట్టుకూ మరికొంత పైకి పోతుంది. ఎండకు కాగిన నేల తనను ఆనుకొన్న గాలిని వేడి చేస్తుంది. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది. గద్ద ఆ గాలిలోనే తిరుగుతూ, దాని బలంతో తానూ పైకి లేస్తుంది. ఇంజను లేకుండా మనిషి గంటల తరబడి ఆకాశంలో విహరించడానికి ఆధారమైనవాటిలో ముఖ్యమైనది ఈ ప్రకృతి సూత్రమే. ఆ విహారానికి అనువుగా పొడవైన సన్నని రెక్కలతో నిర్మించిన విమానాన్ని గ్లైడరు అంటారు.

విమానచరిత్రలో గ్లైడరే ముందు పుట్టింది. జర్మనీ దేశస్థుడైన ఒట్టో లిలియంతాల్ కొండల మీద నుండి గ్లైడర్లతో ఎగిరి, 1896లో అటువంటి ప్రయత్నంలోనే ప్రాణాలు కోల్పోయాడు. అమెరికాలోని రైట్ సోదరులు 1900 నుండి 1902 వరకు గ్లైడర్లతో సాధన చేసి, గాలిలో అదుపు తప్పకుండా ఉండడం నేర్చుకొన్న తరువాతనే 1903 డిసెంబరు 17న ఇంజను విమానంలో ఎగిరారు. నేడు చాలామంది పైలట్ల విషయంలో ఈ క్రమం తలకిందులైంది. వారు మొదట ఇంజను విమానం నడపడం నేర్చుకొంటారు. ఆ తరువాత గ్లైడరు వైపు వస్తారు. అటువంటివారు గ్లైడరు నడిపే అర్హతను ఎంత త్వరగా పొందగలరు? ఆ త్వరలో దాగి ఉన్న ప్రమాదమేమిటి? అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అమలులో ఉన్న పద్ధతిని ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

అమెరికాలో పైలట్ లైసెన్సులను ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ ఇస్తుంది. పైలట్ ఏ రకపు వాహనం నడపవచ్చునో లైసెన్సులో పేర్కొంటారు. దానినే రేటింగు అంటారు. ఇంతకుముందు ఏ విమానమూ నడపనివారు ప్రైవేటు పైలట్ స్థాయిలో గ్లైడరు రేటింగు పొందాలంటే కనీసం 10 గంటలు గ్లైడరులో ఎగరాలి. ఆ గంటలలో కనీసం 20 విహారాలు ఉండాలి. 2 గంటలు ఒంటరిగా ఎగరాలి. వ్రాతపరీక్షలో కూడ ఉత్తీర్ణులు కావాలి. ఇప్పటికే విమానం లైసెన్సు ఉండి, 40 గంటల అనుభవం గడించినవారికి ఈ నియమం చాలా సడలుతుంది. వారు గ్లైడరులో 3 గంటలు ఎగిరితే చాలు. అందులో ఒంటరిగా 10 విహారాలు చేయాలి. పరీక్షకు ముందు రెండు నెలల కాలంలో శిక్షకునితో 3 విహారాలు చేసి ఉండాలి. మరల వ్రాతపరీక్ష ఉండదు. అయితే పరీక్షాధికారి ఎదుట మౌఖిక పరీక్షకు కూర్చొని, ఆయన సమక్షంలో గ్లైడరు నడిపి చూపవలసిందే.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడవచ్చు. గ్లైడరును మరొక విమానం తాడుతో లాగి 2,000 అడుగుల ఎత్తున వదలినప్పుడు, పైకి లేచే గాలి దొరకకపోతే, ఆ విహారం సుమారు పావుగంటలో ముగుస్తుంది. ఒంటరివి 10, శిక్షకునితో 3, మొత్తం 13 విహారాలకు మూడుంబావు గంటలవుతుంది. అంటే నియమం కోరే కనీస అనుభవం ఇంతే! వాతావరణం అనుకూలించి, శిక్షకుడు అందుబాటులో ఉంటే కొద్ది రోజులలోనే ఇది పూర్తి కావచ్చు. అయితే ఒంటరిగా ఎగరడానికి శిక్షకుని అనుమతి కావాలి. ఆ నమ్మకం కలిగే వరకు శిక్షకుడు ఎన్ని విహారాలైనా చేయించవచ్చు.

ఈ సడలింపు న్యాయమైనదే. వీణ నేర్చినవారు వయొలిన్ పట్టినప్పుడు స్వరజ్ఞానాన్ని మళ్లీ మొదటి నుండి నేర్వనక్కరలేదు. ఆ విధంగానే వాతావరణ పరిజ్ఞానం, ఆకాశమార్గపు నియమాలు, పటాలు చదవడం, పరిసరాలను గమనించడం పైలట్‌కు ముందే తెలుసు. కాని కమాను పట్టడం మాత్రం వైణికునికీ కొత్తే. గ్లైడరులోనూ అటువంటి కొత్త విషయాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది తాడు. ముందు విమానం లాగుతుంటే గ్లైడరు వెనుక సాగుతుంది. తేలికగా ఉండడం వల్ల గ్లైడరే ముందు నేల విడుస్తుంది. ఇంజను పైలట్‌కు నేల విడిచిన వెంటనే పైకి పోవడం అలవాటు. ఇక్కడ అలా చేయకూడదు. లాగే విమానం కూడ లేచేవరకు నేలకు కొద్ది అడుగుల ఎత్తులోనే నిలవాలి. గ్లైడరు అతిగా పైకి పోతే తాడు ముందు విమానం తోకను పైకి గుంజుతుంది. దాని ముక్కు నేలవైపు తిరుగుతుంది. అంత తక్కువ ఎత్తులో సరిదిద్దుకొనే వ్యవధి ఉండదు. ఈ పొరపాటు ముందున్న పైలట్ ప్రాణానికే ముప్పు. తాడు తెగే అవకాశాన్ని కూడ ముందే ఆలోచించి ఉంచుకోవాలి. అందుచేత 200 అడుగులకు చేరగానే గ్లైడరు పైలట్ ఆ సంఖ్యను పైకి చెబుతారు. అంతకు దిగువన తాడు తెగితే ఎదురుగా ఉన్నచోటనే దిగాలి; అంతకు పైన అయితే సాధారణంగా వెనుకకు తిరిగి రన్‌వేకు చేరవచ్చు.

రెండవది కాళ్ల పని. గ్లైడరు రెక్కలు పొడవైనవి కావడం వల్ల, ఒక పక్కకు వంచినప్పుడు పైకి లేచే రెక్కకు గాలి నిరోధం ఎక్కువై, ముక్కు వ్యతిరేక దిశకు మళ్లుతుంది. కాళ్లతో తొక్కే రడ్డరుతో దానిని సరిదిద్దాలి. చిన్న ఇంజను విమానాలలో ఈ లోపం అంతగా బయటపడదు. గ్లైడరులో దానిని పట్టి చూపే పరికరం ఏమిటో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అది పైలట్ ఎదుట ఉన్న అద్దానికి వెలుపల అంటించిన చిన్న ఊలు పోగు! పోగు తిన్నగా ఉంటే గ్లైడరు సవ్యంగా సాగుతున్నట్లు. పక్కకు తిరిగితే కాళ్లు తమ పని మరచినట్లు.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, దిగడం. ఇంజను విమానం దిగేటప్పుడు అంచనా తప్పితే పైలట్ ఇంజను వేగం పెంచి, మళ్లీ పైకి లేచి, మరొక చుట్టు తిరిగి రావచ్చు. గ్లైడరుకు ఆ రెండవ అవకాశం లేదు. శిక్షణలో విరివిగా వాడే ఏఎస్‌కే 21 అనే గ్లైడరు, గాలి నిశ్చలంగా ఉంటే, ఒక కిలోమీటరు ఎత్తు నుండి సుమారు 34 కిలోమీటర్ల దూరం పోగలదు. ఇంజను ఆగిన చిన్న విమానం అదే ఎత్తు నుండి సుమారు 9 కిలోమీటర్లే పోగలదు. ఇంత దూరం జారగల వాహనాన్ని కోరినచోట దింపడానికి రెక్కల మీద స్పాయిలర్లు అనే పలకలు ఉంటాయి. మీటను వెనుకకు లాగితే అవి పైకి లేచి, గ్లైడరు త్వరగా దిగుతుంది. ముందుకు నెడితే మూసుకొంటాయి, దిగడం నెమ్మదిస్తుంది. అయితే పోయిన ఎత్తు తిరిగి రాదు. ఎత్తు మూలధనం వంటిది. ఖర్చు తగ్గించుకోవచ్చునే కాని, ఖర్చయినదానిని వెనుకకు తెచ్చుకోలేము.

ఈ విద్య వినోదానికి మాత్రమే అనుకోరాదు. 1983 జులై 23న ఎయిర్ కెనడా సంస్థకు చెందిన బోయింగ్ 767 విమానం మాంట్రియల్ నుండి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్‌కు బయలుదేరింది. ఇంధనాన్ని కిలోగ్రాములలో లెక్కించవలసి ఉండగా పౌండ్ల లెక్క వాడడం వల్ల, అవసరమైనదానిలో సగం కూడ లేకుండానే అది ప్రయాణించింది. మార్గమధ్యంలో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్ గ్లైడర్లు నడిపిన అనుభవం ఉన్నవాడు. సహ పైలట్ మారిస్ క్వింటాల్ తాను పూర్వం పనిచేసిన గిమ్లీ వైమానిక స్థావరాన్ని గుర్తు చేశాడు. అక్కడికి చేరేసరికి విమానం ఉండవలసినదానికంటె ఎక్కువ ఎత్తులో ఉంది. మరొక చుట్టు తిరిగే వీలు లేదు. అప్పుడు పియర్సన్, గ్లైడర్లలోనూ చిన్న విమానాలలోనూ వాడే ఉపాయాన్ని ప్రయోగించి, ఆ పెద్ద విమానాన్ని ఒక పక్కకు వంచి, రడ్డరును ఎదురు దిక్కుకు తొక్కి, వేగం పెరగకుండా ఎత్తు తగ్గించాడు. ముందు చక్రాల కాలు ముడుచుకుపోయినా, విమానం రన్‌వే మీదనే ఆగింది. అందులోని 69 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ విమానానికి 'గిమ్లీ గ్లైడర్' అనే పేరు స్థిరపడింది.

మూడు గంటలలో అర్హత లభించడం మంచిదే. కాని నియమం ఇచ్చిన తగ్గింపు పైలట్‌కు ముందే తెలిసినదానికి మాత్రమే. తెలియనిదానికి తగ్గింపు లేదు. పది గంటల పని మూడు గంటలకు కుదిరిందని సంతోషించేవారికంటె, తాను మళ్లీ విద్యార్థినయ్యానని గుర్తించేవారే ఆ మూడు గంటలను సద్వినియోగం చేసుకొంటారు. వందల గంటలు విమానం నడిపినవారు కూడ ఊలు పోగు వంక చూస్తూ కాళ్లను సరిదిద్దుకోవలసిందే. తాడు వదలిన క్షణం నుండి వారికి తోడు నిలిచేది పూర్వానుభవపు లెక్క కాదు. చేతిలో మిగిలిన ఎత్తు, దానిని పొదుపుగా వాడే నేర్పు.