అద్దె ఫ్లాట్లు, యజమానుల సంఘాలు: వివాదాలకు చట్టం చూపే మార్గం

విజయవాడ: కృష్ణా డెల్టాలో నివాస గృహాల స్వరూపం గత మూడు దశాబ్దాలలో గణనీయంగా మారింది. ఒకనాడు పెంకుటిళ్లు, డాబాలతో కనిపించిన పటమట, లబ్బీపేట, మొగల్రాజపురం, గుణదల ప్రాంతాలలో అపార్టుమెంట్లు వెలిశాయి. కానూరు, పోరంకి, తాడేపల్లి, కుంచనపల్లి గ్రామాలు కూడా అదే బాట పట్టాయి. ఈ ఫ్లాట్లను కొనుగోలు చేసిన వారిలో పలువురు విదేశాలలోను, హైదరాబాదులోను స్థిరపడినందున వాటిని అద్దెకు ఇస్తున్నారు. 2014లో రాష్ట్ర విభజన జరగడం, 2016లో సచివాలయ ఉద్యోగులు వెలగపూడికి తరలిరావడంతో అద్దె ఇళ్లకు గిరాకీ మరింత పెరిగింది. దీనితోపాటు ఫ్లాటును అద్దెకిచ్చిన యజమానికి, అదే భవనంలోని యజమానుల సంఘానికి మధ్య వివాదాలు కూడా తలెత్తుతున్నాయి.

వివాదాలకు మూలం

ఈ తగాదాలు ప్రధానంగా మూడు విధాలు. మొదటిది నిర్వహణ రుసుము బకాయి. అద్దెదారు చెల్లించాలని యజమాని, అద్దెలోనే కలిసి ఉన్నదని అద్దెదారు చెప్పడంతో నెలల తరబడి బకాయి పేరుకుపోతుంది. రెండవది అద్దె ఫ్లాట్లపై సంఘాలు విధించే అదనపు రుసుము. మూడవది అవివాహితులకు, విద్యార్థులకు ఇల్లు ఇవ్వరాదంటూ చేసే కట్టడి.

చట్టపరమైన పునాది

ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల (నిర్మాణ ప్రోత్సాహం, యాజమాన్యం) చట్టం 1987లో అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ఫ్లాటుపై యజమానికి పూర్తి హక్కు, మెట్లు, లిఫ్టు, నీటి ట్యాంకు, భూమి వంటి ఉమ్మడి వసతులలో విడదీయరాని వాటా సంక్రమిస్తాయి. ఉమ్మడి వసతుల నిర్వహణకు సంఘం ఏర్పడుతుంది. ఈ సంఘాలు ఎక్కువగా 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతున్నాయి. 2016 నాటి రెరా చట్టం మరొక అడుగు ముందుకు వేసి, సంఘం ఏర్పాటుకు తోడ్పడటాన్ని బిల్డరుకు, అందులో పాల్గొనడాన్ని కొనుగోలుదారుకు బాధ్యతగా నిర్దేశించింది.

ఇక్కడ గమనించదగిన అంశం ఒకటున్నది. సంఘానికి సంబంధం యజమానితోనే గాని అద్దెదారుతో కాదు. అద్దెదారుకు సంబంధం తనకు ఇల్లు ఇచ్చిన యజమానితో మాత్రమే. కనుక రుసుమును అద్దెదారు చేతుల మీదుగా చెల్లించే ఏర్పాటు ఉన్నప్పటికీ, బకాయికి సంఘం ఎదుట జవాబుదారీ యజమానియే.

నీరు నిలిపివేత

బకాయి వసూలు కోసం కొన్ని సంఘాలు ఉమ్మడి ట్యాంకు నుండి ఫ్లాటుకు వచ్చే నీటిని నిలిపివేస్తుంటాయి. బకాయిపడిన యజమాని వేరొక నగరంలో ఉండగా, ఆ తగాదాతో సంబంధం లేని కుటుంబం నీటికి కటకటలాడవలసి వస్తుంది. అద్దెదారు అనుభవిస్తున్న సౌకర్యాలకు ఇంటి యజమాని ఆటంకం కలిగించరాదన్నది 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలోనే ఉండేది. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా అదే సూత్రాన్ని పునరుద్ఘాటించింది. బకాయి వసూలుకు యజమానికి నోటీసు ఇవ్వడం, అవసరమైతే సివిల్ కోర్టును ఆశ్రయించడం సక్రమమైన పద్ధతి.

అదనపు రుసుము, కట్టడులు

అద్దె ఫ్లాట్లపై అదనపు రుసుము విషయంలో మహారాష్ట్ర అనుభవం ప్రస్తావించదగినది. అక్కడి సహకార గృహ సంఘాలు యజమాని నివసించని ఫ్లాట్లపై భారీ మొత్తాలు వసూలు చేయడంతో, ఆ రుసుము సేవా రుసుములో 10 శాతానికి మించరాదని ఆ రాష్ట్ర ప్రభుత్వం 2001 ఆగస్టు 1న ఉత్తర్వులు జారీచేసింది. ఉదాహరణకు సేవా రుసుము నెలకు రూ. 1,500 అయితే అదనంగా రూ. 150 మాత్రమే తీసుకోవచ్చు. ఆ ఉత్తర్వు మన రాష్ట్రానికి వర్తించదు. అయినప్పటికీ రుసుముకు, సంఘం చేసే ఖర్చుకు మధ్య పొంతన ఉండాలన్న సూత్రం ఇక్కడి సంఘాలకూ మార్గదర్శకం కాగలదు.

కట్టడుల విషయంలో రెండు అంశాలను వేరుచేసి చూడవలసి ఉన్నది. నివాసానికి అనుమతి పొందిన ఫ్లాటును హాస్టలుగానో, గోదాముగానో మార్చడాన్ని సంఘం ఆక్షేపించడం సహేతుకమే. నివాసం ఉండదలచిన వ్యక్తి ఎవరన్న దానిపై విధించే కట్టడి వేరు. సహకార సంఘం బైలాలు సభ్యులను ఒప్పందం వలె బంధిస్తాయని 2005లో జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘం కేసులో సుప్రీంకోర్టు పేర్కొన్నది. అయితే ఆ కేసు సభ్యత్వానికి సంబంధించినది. సర్వసభ్య సమావేశంలో ఆమోదం పొందని, బైలాలలో లేని మౌఖిక ఆదేశాలకు ఆ బలం రాదు.

పరిష్కార మార్గాలు

కార్యవర్గం నిర్ణయంతో ఏకీభవించని యజమాని తొలుత సంఘానికి లిఖితపూర్వకంగా విన్నవించి, విషయాన్ని సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టించవచ్చు. అక్కడ పరిష్కారం లభించనిచో, 2001 చట్టంలోని 23వ సెక్షను ప్రకారం సంఘ నిర్వహణకు సంబంధించిన వివాదాన్ని మధ్యవర్తిత్వానికి తీసుకువెళ్లడానికి గాని, జిల్లా కోర్టును ఆశ్రయించడానికి గాని సభ్యునికి అవకాశం ఉన్నది. సభ్యుడు కాని అద్దెదారుకు ఈ మార్గం లేదు. ఆయన తన యజమాని ద్వారానో, సివిల్ కోర్టు ద్వారానో ఉపశమనం పొందవలసి ఉంటుంది.

అద్దె ఒప్పందంలో స్పష్టత

అధిక వివాదాలను ఒప్పందం కుదుర్చుకునే సమయంలోనే నివారించవచ్చు. నెలవారీ రుసుము ఎవరు చెల్లించాలి, వాహనం నిలిపే స్థలం ఏది, సంఘం బైలాల ప్రతి అద్దెదారుకు అందినదా అన్న అంశాలను ఒప్పందంలో చేర్చడం శ్రేయస్కరం. వాచ్‌మన్ జీతం, ఉమ్మడి విద్యుత్తు బిల్లు వంటి నిత్య ఖర్చులను, లిఫ్టు మార్పు, భవనానికి రంగులు వంటి పెద్ద ఖర్చులను వేర్వేరుగా పేర్కొనాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలోని పలు కాలనీలను ముంచెత్తింది. అటువంటి ముంపులో సెల్లారులోని మోటార్లు, లిఫ్టు యంత్రాలు పాడైతే, మరమ్మతు భారం ఎవరిదన్న ప్రశ్నకు ముందే సమాధానం రాసి ఉండాలి.

దూరప్రాంతాలలో నివసించే యజమానులు తమ తరఫున సంఘంతో వ్యవహరించేందుకు ఒక ప్రతినిధికి లిఖితపూర్వకంగా అధికారం ఇవ్వడం, సంఘాలు సమావేశపు నోటీసులను, లెక్కలను అటువంటి వారికి కూడా సకాలంలో పంపడం అవసరం. సగానికి పైగా ఫ్లాట్లు అద్దెకు ఉన్న భవనంలో యజమానులు హాజరుకాని పక్షంలో, కొద్దిమంది చేసిన తీర్మానమే అందరిపై అమలవుతుంది.