నొక్కుడు మనది, నిర్ణయం ఎవరిది?

రఘునాథపల్లి దళితవాడల నల్లా రాకపోతే ఎవరిని అడగాల్నో తెలుసు. వార్డు మెంబరు, సర్పంచి, గ్రామసభ. వినకపోవచ్చు, అది వేరే సంగతి. ఆ కుర్చీల్లో మనకు వాటా ఉందని రాజ్యాంగం 243డి అధికరణం చెప్పింది. ఇక్కడినుంచి కూలికి వరంగల్ పోయి బస్తీలో ఉండే మనిషి సంగతి చూద్దాం.

2016 మేలో స్మార్ట్ సిటీ పోటీలో నెగ్గిన 13 నగరాల్లో వరంగల్ ఒకటి. ప్రజలతో సంప్రదింపులకూ ఆ పోటీలో మార్కులున్నాయి. అందుకే నగరాలు మైగవ్ పోర్టల్‌లో అభిప్రాయాలడిగాయి. ఫోనున్నోడు నొక్కిండు, లెక్కకెక్కిండు. తెల్లారకముందే మోరీ తీయబోయే అక్క ఎప్పుడు నొక్కుతది?

అయితే మా వాదన ఫోను గురించి కాదు. ఫోను రేపు అందరికీ వస్తది. మిషన్‌ను నడిపింది కంపెనీల చట్టం కింద పెట్టిన ప్రత్యేక కంపెనీ. కౌన్సిల్ అధికారాలను దానికి అప్పగించమని మార్గదర్శకాలే ప్రోత్సహించాయి. కార్పొరేటర్ సీట్లలో ఎస్సీలకు 243టి రిజర్వేషన్ ఇస్తుంది; కంపెనీ బోర్డుకు అది వర్తించదు. అంటే అభిప్రాయం అడిగే చోట మనం ఉన్నాం, పైసలు పంచే చోట మన వాటా మాయమైంది. షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో గీసిన ఎనిమిది మెట్ల భాగస్వామ్య నిచ్చెనలో అడిగి ఊరుకునుడు నాలుగో మెట్టే. పైమెట్టు ప్రజల అదుపు.

మిషన్ 2025 మార్చి 31న ముగిసింది. కంపెనీ ప్రభుత్వానిదే గనుక 2005 సమాచార హక్కు చట్టం కిందికి వస్తది. ఏ బస్తీకి ఎంత ఖర్చు పెట్టిండ్రో వార్డువారీగా అడగొచ్చు, ఒక కాగితం మీద.