చింతూరు వానలలో కాకర్ స్పానియెల్

చక్కని రూపము గల కుక్కను తెచ్చుకొనుట సులభము. ఆ రూపమును నిలుపుట కష్టము. కాకర్ స్పానియెల్ విషయమున ఈ మాట అక్షరాల నిజము. క్రిందికి వ్రేలాడు పొడవైన చెవులు, పట్టుకుచ్చులవంటి బొచ్చు, జాలిగొలుపు కన్నులు చూచి పిల్లలు ముచ్చటపడుదురు, పెద్దలు కొనితెత్తురు. కాని ఆ కుచ్చులు తమంత తాము పట్టువలె ఉండవు. వానిని అట్లు ఉంచుటకు ఇంటిలో ఎవరో ఒకరు దినమునకు పదిహేను నిమిషములైన కుక్కయొద్ద కూర్చుండవలెను. తూర్పు కనుమల నడుమ, శబరి ఒడ్డున ఉన్న చింతూరులో ఈ జాతి కుక్కను పెంచుచున్న మేము ఈ సంగతిని ఆలస్యముగాను, బాధపడియు నేర్చుకొంటిమి. అట్టి బాధ మఱియొక ఇంటికి కలుగకుండవలెనని ఈ నాలుగు మాటలు.

స్పానియెల్ అను పేరు స్పెయిన్ దేశమునుబట్టి వచ్చినదని చెప్పుదురు. కాకర్ అను మాట వుడ్‌కాక్ అను పక్షి పేరునుండి పుట్టినది. పొదలలో దాగిన ఆ పక్షిని లేపి వేటగానికి చూపుట ఈ కుక్క పని. ఇంగ్లండులోని చలిలో, తడి పొదలలో తిరుగుటకు తగినట్లు దీనికి రెండు పొరల బొచ్చు ఏర్పడినది. పైపొర నునుపుగా ఒంటిని అంటియుండును. లోపొర మెత్తగా, దూదివలె ఉండును. చెవులు, రొమ్ము, పొట్ట, కాళ్ళ వెనుకభాగము, ఈ చోట్ల వెండ్రుకలు పొడవుగా జాలరువలె దిగును. కాలక్రమమున వేటకుక్క ఇంటికుక్క అయినది. 1952 సెప్టెంబరు 23న అమెరికాలో రిచర్డ్ నిక్సన్ రేడియోలోను, టెలివిజనులోను చేసిన ప్రసంగమునకు ఆయన ఇంటి కాకర్ స్పానియెల్ 'చెకర్స్' పేరే నిలిచిపోయినది. 1955లో వచ్చిన డిస్నీ చిత్రము 'లేడీ అండ్ ది ట్రాంప్'లోని కథానాయికయు ఈ జాతిదే. పని మారినది, ఇల్లు మారినది, దేశము మారినది. బొచ్చు మాత్రము మారలేదు.

ఇట్టి బొచ్చుతో ఆ కుక్క చింతూరునకు వచ్చినదనుకొనుడు. ఇచట వేసవిలో 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటు దినములు కలవు. వానకాలమున గాలిలోనే తడి ఉండును. వానలు వెనుకబడిన పిమ్మట దారికిరుప్రక్కల ఉత్తరేణి, పల్లేరు, మరులమాతంగి కాయలు కాచి, ప్రక్కనుండి పోవు ప్రతి బొచ్చును పట్టుకొనును. ఇచటి కోయగూడెములలో తిరుగు కుక్కలు పొట్టి బొచ్చువి. ఈ మూడు బాధలును వానికి అంతగా తగులవు. మన కుక్కకు మూడును తగులును.

మా అనుభవము చెప్పెదము. 2022 జూలై 16న భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటెను. కూనవరమువద్ద గోదావరిలో కలియవలసిన శబరి, అచట త్రోవ లేక వెనుకకు ఎగదన్ని చింతూరును ముంచెను. ఆ వారము మేము మెఱకనున్న బంధువుల ఇంట తలదాచుకొంటిమి. బియ్యము, మందులు, కాగితములు మూటకట్టితిమి, కుక్కను చంకనెత్తుకొంటిమి, దువ్వెన మఱచితిమి. ఆఱు దినములు అది తడియుచు, ఆరుచు, మఱల తడియుచు తిరిగెను. ఏడవనాడు చెవి వెనుక చేయి పెట్టగా అట్టవంటి ముడి తగిలెను. తొందరపడి ఆ ముడిని కత్తెరతో కోసితిమి. ముడితోపాటు అంగుళము మేర చర్మమును తెగెను. ముడిక్రింద అప్పటికే పుండుపడి చీము పట్టియుండెను. దారులు తెఱచి పశువైద్యుని చేరుటకు మఱి రెండు దినములు పట్టెను. ప్రాణము దక్కినది, మచ్చ మిగిలినది. తప్పు వఱదది కాదు, మాది.

ముడి ఎట్లు పడును? రాలిన లోపొర వెండ్రుకలు పైపొరలో చిక్కుకొని నిలిచిపోవును. వానికి తడియు, రాపిడియు తోడైన యెడల ఉన్నివలె పెనవేసికొని జడ కట్టును. ఆ జడ ఆరినకొలది బిగిసి చర్మమును లాగును; క్రిందికి గాలి పోనీయదు. తడి అచటనే నిలిచి చర్మము ఒఱయును. కనుక చిక్కున్న కుక్కకు ఎన్నడును ముందుగా నీళ్ళు పోయరాదు. మొదట చిక్కు, పిదప స్నానము. ఈ ఒక్క వరుస జ్ఞాపకముంచుకొన్న సగము కష్టము తీఱును.

కావలసిన సామగ్రి స్వల్పము: సన్నని తీగపండ్లు గల బ్రష్షు ఒకటి, ఎడమ పండ్లును దగ్గఱ పండ్లును గల ఇనుప దువ్వెన ఒకటి, మొనలు మొద్దుగా ఉన్న కత్తెర ఒకటి. కుక్కను నేలపైగాక, జారని గోనెపట్టా పఱచిన బల్లపై నిలుపవలెను. మన నడుము వంగదు. అదియు ఇది ఆటకాదు, పనియని తెలిసికొనును. పైపైన దువ్వుట వలన ఫలము లేదు. ఒక చేతితో బొచ్చును పైకెత్తి పట్టి, చర్మము కనబడునట్లు పాయతీసి, ఒక్కొక్క పొరను క్రిందికి దించుచు దువ్వవలెను. బ్రష్షు అయిన పిమ్మట దువ్వెన వేయుడు. దువ్వెన ఎచట ఆగునో అచట ముడి ఉన్నదన్నమాట. చెవుల వెనుక, చంకలలో, తొడల సందున, మెడపట్టీ క్రింద తప్పక చూడుడు.

ముడి దొరికినప్పుడు దాని మొదలును, చర్మమునకు ఆనుకొని, రెండు వ్రేళ్ళతో గట్టిగా పట్టవలెను. అప్పుడు లాగుడు చర్మమునకు తగులదు. కొంచెము మొక్కజొన్న పిండి చల్లి, కొననుండి మొదలునకు, కొద్దికొద్దిగా విడదీయుడు. విడివడని పెద్ద ముడిని కత్తెరతో ముట్టవలదు. చర్మము ముడిలోనికి ముడుచుకొని వచ్చి ఉండును. అది పశువైద్యుని పని.

స్నానము మూడు నాలుగు వారముల కొకమాఱు చాలును. మనుష్యుల షాంపూ పనికిరాదు. కుక్క చర్మము మన చర్మముకంటె పలుచన, దాని ఆమ్లగుణమును వేఱు. కుంకుడురసము కంటిలో పడిన ఎంత మండునో మనకు తెలియును, అదియు వలదు. గోరువెచ్చని నీటితో, కుక్కలకని చేసిన షాంపూ వాడి, నురుగు మిగులకుండ కడుగుడు. పిమ్మట తువాలుతో రుద్దక, అద్దుడు. రుద్దిన యెడల మఱల చిక్కుపడును. వానకాలమున పంకాక్రింద నిలిపి దువ్వుచు, లోపొర పూర్తిగా ఆరువఱకు విడువరాదు.

చెవులు ఈ జాతికి అందము, ఆపదయు. కుక్క చెవి దారి మొదట క్రిందికి దిగి పిదప లోనికి మలగును. దానిపై బరువైన చెవి తలుపువలె మూసికొనియుండగా లోపల వేడియు తడియు నిలిచి బూజు పెరుగును. చెవి లోపలివైపు, పైభాగమున గల బొచ్చును పొట్టిగా కత్తిరించిన గాలియాడును. వారమున కొకమాఱు చెవినెత్తి చూచి, వాసన చూడుడు. దుర్వాసన, ఎఱుపు, గోధుమరంగు గుబిలి ఉన్నను, తల విదలించుచున్నను వైద్యునికి చూపుడు. పుల్లకు దూది చుట్టి లోనికి దూర్చుట కూడదు. అన్నము తినునప్పుడు చెవులు గిన్నెలో పడకుండ, నోరు ఇఱుకైన లోతు గిన్నె పెట్టుడు.

పాదముల అడుగున మెత్తల నడుమ పెరిగిన బొచ్చును సమముగా కత్తిరింపవలెను. గడ్డిగింజ అచట దూరి చర్మములోనికి ప్రాకి కుంటి తెచ్చును. తిరిగి వచ్చిన ప్రతి సాయంకాలము వ్రేళ్ళ సందులు, చెవుల లోపల, మెడక్రింద పిడుదులకై వెదకుడు. పిడుదువలన వచ్చు జ్వరము కుక్క ప్రాణము తీయగలదు. దానిని చిన్న పటకారుతో చర్మమున కానించి పట్టి నిలువుగా లాగవలెను. అగ్గిపుల్లతో కాల్చుట, కిరసనాయిలు పూయుట, గోటితో నలుపుట కూడని పనులు. తిండి మానుట, చిగుళ్ళు తెల్లబాఱుట, ముక్కునుండి రక్తము కారుట, పొట్టపై సూదిమొనవంటి ఎఱ్ఱచుక్కలు, ఇవి ప్రమాద చిహ్నములు. కుక్క సహజ ఉష్ణోగ్రత 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీటు వఱకు ఉండును. అంతకు మించినచో జాగు చేయరాదు.

వేసవి రాగానే గుండు చేయించిన చల్లబడునని కొందఱందురు. ఇది పొరపాటు. పైపొర ఎండనుండి చర్మమును కాపాడుచున్నది. దానిని మొదలంట తీసిన చర్మము కములును. మఱల వచ్చు బొచ్చు తఱచు దూదివలె వచ్చి మునుపటికంటె ఎక్కువ చిక్కుపడును. పొట్టక్రింద, కాళ్ళ జాలరును పొట్టిచేసి, లోపొరను దువ్వి తీసివేసి, నీడయు నీరును ఇచ్చిన చాలును.

చివరకు ఒక మాట. ఇన్ని చేయు తీరిక లేని ఇంటివారు ఈ కుక్కను తెచ్చుకొనకుండుటయే దయ. మన ఊరి పొట్టిబొచ్చు కుక్క అంతే విశ్వాసముతో వాకిట కాపుండును. దాని అందమునకు దువ్వెన అక్కఱలేదు. తెచ్చుకొన్నవారు మాత్రము దినమునకు ఆ పదిహేను నిమిషములు దానికి బాకీ ఉన్నట్లే తలపవలెను. మా ఇంట ఇప్పుడు తొలకరి రాగానే వఱదమూట సిద్ధమగును. అందులో బియ్యము, మందులు, కాగితములతోపాటు ఒక ఇనుప దువ్వెనయు ఉండును.