ఆ తమ్ముడు అడిగిన ప్రశ్న



రాజోలు దగ్గర ఒక యౌవనస్థుల కూడికలో డిగ్రీ చదువుతున్న తమ్ముడొకడు మా దగ్గరకు వచ్చి, "అయ్యగారండీ, వేరే గ్రహం మీద ప్రాణం కనిపెట్టేశారంట కదండీ. మరి ఆదికాండం సంగతేంటండీ?" అని అడిగాడు. పక్కనున్న సంఘపెద్ద గదిమారు. మేమును "అవన్నీ మనకెందుకు బాబూ, ప్రార్థన చేసుకో" అని పంపివేశాము. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు ఆ సంగతి చదవడం మొదలుపెట్టాము.

ఆ వార్తకు మూలం డాక్టర్ నిక్కు మధుసూదన్ గారు. 1980లో మన దేశములో పుట్టి, కాశీ హిందూ విశ్వవిద్యాలయములో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో డాక్టరేటు పొంది, ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో ఆచార్యులైనారు. దూరపు నక్షత్రముల చుట్టూ తిరిగే గ్రహముల గాలిని పరిశోధించడం ఆయన పని. అంత దూరపు గాలిని ఎలా పరీక్షిస్తారు? గ్రహం తన నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు, ఆ వెలుగులో కొంచెం గ్రహపు గాలిలోగుండా మనకు చేరుతుంది. ఒక్కొక్క వాయువు కొన్ని రంగులను మింగివేస్తుంది. ఏ రంగు తగ్గినదో చూచి, ఏ వాయువున్నదో చెబుతారు.

సింహరాశి దిక్కున, 124 కాంతి సంవత్సరముల దూరాన కె2-18బి అనే గ్రహమున్నది. మన భూమికి ఎనిమిదిన్నర రెట్లు బరువు. జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో 2023లో అక్కడ మీథేను, కార్బన్ డయాక్సైడు కనుగొన్నారు. 2025 ఏప్రిల్‌లో డైమిథైల్ సల్ఫైడు జాడ కనిపించిందన్నారు. భూమి మీద ఇది ముఖ్యంగా సముద్రములోని సూక్ష్మజీవుల వలన పుడుతుంది. అంతర్వేదిలో సముద్రం దగ్గరపడుతుండగా ముక్కుకు తగిలే వాసనలో దీని పాలు కూడా ఉన్నది!

ఈ జాడ కేవలం యాదృచ్ఛికంగా కనబడే అవకాశం వెయ్యింటికి మూడేనట. మనమైతే అంతటితో లేచి సాక్ష్యం చెప్పేస్తాము. ఆయన మాత్రం చాలదన్నారు. మరో 16 నుండి 24 గంటలు టెలిస్కోపుతో చూడాలని, ప్రాణము లేకుండా కూడా ఆ వాయువు పుడుతుందేమో తేల్చాలని అన్నారు. ఒక తోకచుక్కలోనూ దాని జాడ దొరికియున్నది మరి. ఇతర శాస్త్రజ్ఞులు అవే కొలతలను తిరిగి లెక్కించి, గట్టి ఆధారం లేదన్నారు. పత్రికలవారు ఇదంతా చివరి పేరాలో వేశారు.

తరువాతి ఆదివారం ఆ తమ్ముణ్ణి పిలిపించి, కాగితం మీద దీపము, గ్రహము గీసి చూపాము. అక్కడ ప్రాణమున్నదని ఇంకా ఎవరూ తేల్చలేదని, ఒకవేళ ఉంటే దానిని చేసినవాడును మన దేవుడేనని చెప్పాము. "వాళ్ళకీ రక్షణ కావాలాండీ?" అన్నాడు. తెలియదన్నాము. గదిమిన పెద్దగారు కుర్చీ లాక్కొని, ఆ బొమ్మ ఇంకోసారి గీయమన్నారు.