ముక్కు చూసి కారు పేరు చెప్పొచ్చు

బ్రిటన్‌లో పాత కుటుంబాల ఆల్బమ్‌లు తిరగేస్తే ఒక తరహా ఫొటో తరచుగా తగులుతుంది. అంచు టోపీ, మెడదాకా గుండీలు పెట్టిన కోటు, మోకాళ్లదాకా తోలు పట్టీలతో నిటారుగా నిలబడ్డ డ్రైవరు, పక్కన యజమాని కారు. డ్రైవరు ముత్తాత అని ఇంట్లో అందరికీ తెలుసు. కారు పేరే తెలియదు. పాత కార్ల గురించి తెలిసినవాళ్లు ఆ ఫొటోలో ముందు చూసేది ముక్కు, అంటే రేడియేటర్.

బాడీని బట్టి కంపెనీ పేరు చెప్పడం కష్టం. ఆ రోజుల్లో ఖరీదైన కార్లు చాలావరకు ఇంజన్, ఛాసిస్‌గానే అమ్ముడయ్యేవి. ఇప్పుడు లారీకి బాడీ కట్టించుకున్నట్టే, కొన్నవాళ్లు తమ అభిరుచికి తగ్గట్టు వేరేచోట కట్టించుకునేవారు. హైదరాబాదు నిజాము కోసం 1912లో తయారైన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ సంస్థ. రేడియేటర్ మాత్రం కారు కంపెనీ సొంత ముద్ర.

ఆ ముద్ర వెనక వేడి బాధ ఉంది. తొలి కార్లలో ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు మరిగి ఆవిరైపోయేవి, దారి పొడవునా మళ్లీ పోసుకోవాల్సి వచ్చేది. 1900 చివర్లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ మొదటి మెర్సిడెస్ కారు కోసం 8,070 సన్నని గొట్టాలు పేర్చి తేనెపట్టు రేడియేటర్ తయారుచేశాడు. గొట్టాల్లోంచి గాలి, వాటి మధ్య సందుల్లోంచి నీళ్లు. గాలి తగిలే ఉపరితలం బాగా పెరగడంతో కొద్దిపాటి నీళ్లే సరిపోయాయి. ఎదురుగాలి తగలాలి కనుక దాని చోటు కారు ముందుభాగమే అయింది. ఎలాగూ అందరి కంటా పడేదే కదా అని కంపెనీలు దానికి తలా ఒక రూపం ఇచ్చాయి.

రోల్స్‌రాయిస్‌ది గ్రీకు గుడి ముఖద్వారం. బ్రిటిష్ డైమ్లర్‌కు రేడియేటర్ పైఅంచున నిలువు గాడులు. 1913 నుంచి 1926 దాకా వచ్చిన మోరిస్ కార్లకు గుండ్రటి ముక్కు, అందుకే వాటిని ‘బుల్‌నోజ్’ అన్నారు. రెనో కార్లకైతే ముందు రేడియేటరే కనిపించదు. అది ఇంజన్ వెనక ఉండేది కనుక బానెట్ ముందుకు వాలిపోయి ఉంటుంది. 1920ల చివరిదాకా రెనోకు అదే ఆనవాలు.

పేరు తేలాక వయసు. అందుకు లైట్లు చూడాలి. పెద్ద ఇత్తడి హెడ్‌లైట్లు, వాటికి గొట్టంతో కలిపిన డబ్బా ఉంటే అది ఎసిటిలిన్ దీపం. మామిడికాయలు మగ్గబెట్టే కార్బైడ్ మీదే నీటిచుక్కలు పడేలా చేసి, పుట్టిన గ్యాసును వెలిగించేవారు. 1912 మోడల్ కాడిలాక్‌తో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్, కరెంటు దీపాలు కలిసి వచ్చాక ఆ డబ్బాలు క్రమంగా మాయమయ్యాయి. ముందు చక్రాలకు బ్రేకు డ్రమ్ములు ఉంటే ఆ కారు దాదాపుగా 1920లలోదో, ఆ తర్వాతిదో.

ఊరు చెప్పేది నంబరు ప్లేటు. బ్రిటన్‌లో 1904 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. ఎ అక్షరం లండన్‌ది, డి కెంట్‌ది, పి సర్రేది. అయితే నంబరును ఒక కారు నుంచి మరో కారుకు మార్చుకోవడమూ ఉండేది కాబట్టి ప్లేటు ఒక్కదాన్నే నమ్మి సంవత్సరం తేల్చకూడదు.

మరో చిక్కు, నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు వేసిన ఫొటోలు. ప్లేటు కనిపించకపోతే, కుడివైపు స్టీరింగ్ ఉన్న బ్రిటిష్ కారు అమెరికా కారులా తోస్తుంది. అప్పుడు డ్రైవరు కోటే సాక్షి. మగవాళ్ల కోట్లలో ఎడమ అంచు కుడి అంచు మీదికి వస్తుంది. ఫొటోలో ఇది తారుమారైతే ప్రింటు తిరగబడినట్టే.

ఇలాంటి ఫొటో మీ ఇంట్లోనూ ఉంటే మనిషి ముఖం వరకే కత్తిరించకండి. అంచులతో సహా ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేయించండి, వెనకవైపు రాతనూ చేయించండి. చక్రం నడుమ హబ్ క్యాప్ మీద కంపెనీ పేరే చదవడానికి దొరకవచ్చు.