పాత తుపాకి: అసలుదా, అతుకులదా?

ఒక ఇంటి అటక మీద పాత తుపాకి దొరికిందనుకుందాం. నిలబెడితే మనిషి భుజం దాకా వస్తుంది. ఎత్తితే నాలుగు కిలోలకు పైనే. "ఇది కుంపిణీ సిపాయిది, లక్షలు పలుకుతుంది" అని ఒకరంటారు. "పాత ఇనుము, తూకానికి వెయ్యి" అని ఇంకొకరంటారు. ఎవరి మాట నమ్మాలి?

ధర సంగతి తరువాత. ముందు లోపల మందు వుందో లేదో చూడాలి. తుపాకి మందు తడవకుండా వుంటే వందేళ్ళయినా అంటుకుంటుంది. అందుకని గుర్రం ఎత్తకూడదు. దగ్గర బీడీ, దీపం వుండకూడదు. గొట్టం నోటికి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. సన్నటి వెదురు పుల్లను మెల్లగా లోపలికి దించి, నోటి దగ్గర సుద్దతో గీత పెట్టాలి. ఆ పుల్లనే గొట్టం పక్కన బయట ఆనించి చూడాలి. పుల్ల కొస రంజకపు రంధ్రం దాకా వస్తే గొట్టం ఖాళీ. నాలుగు వేళ్ళ ముందే ఆగిపోతే లోపల మందు, గుండు వుండొచ్చు. ఇక పొడవకూడదు. పోలీసు స్టేషనులో చెప్పాలి.

ఇప్పుడు తుపాకిని చూద్దాం. ఈస్టిండియా కుంపిణీ తన సిపాయిలకు ఇచ్చిన తుపాకి గొట్టం పొడవు 39 అంగుళాలు. నోటి వెడల్పు ముప్పావు అంగుళం. మద్రాసు సైన్యంలోని తెలుగు సిపాయిలు మోసినదీ ఇలాంటిదే. గుర్రం అంటే చెకుముకి రాయిని పట్టుకునే ఇనుప దవడ. మీట నొక్కితే రాయి ఉక్కుకు తగిలి నిప్పురవ్వ రాలుతుంది. రంజకం అంటుకుంటుంది. ఆ నిప్పు రంధ్రంలోంచి లోపలి మందుకు పాకుతుంది.

గుర్రం బిగించిన ఇనుప పలక మీద ముద్ర వుంటుంది. 1808 దాకా కుంపిణీ ముద్ర గుండె ఆకారంలో వుండేది. దాని పైన 4 అంకెలాంటి గుర్తు వుంటుంది. ఆ తరువాత వెనుక కాళ్ళ మీద నిలబడ్డ సింహం ముద్ర వచ్చింది. ముద్ర వుంటే చాలదు. దొంగ ముద్ర కొట్టడం ఎంతసేపు? అసలు ముద్ర ఇనుముతో పాటే అరుగుతుంది, దాన్నీ తుప్పు తింటుంది. తుప్పు తిన్న గుంటల మీదుగా గీతలు కొత్తగా, పదునుగా వుంటే ఆ ముద్ర నిన్న మొన్నటిదే.

1840 తరువాత చెకుముకి పోయి క్యాపు తుపాకులు వచ్చాయి. చాలా పాత తుపాకులను అప్పుడే క్యాపుకు మార్చారు. అది తప్పు కాదు, అదీ దాని చరిత్రే. కాని కొందరు వ్యాపారులు ఎక్కువ ధర కోసం దాన్ని మళ్ళీ చెకుముకికి తిప్పుతారు. పలక మీద పూడ్చిన మరల రంధ్రాలు, తక్కిన ఇనుముతో రంగు కలవని గుర్రం కనిపిస్తే అనుమానించాలి.

గొట్టాన్ని కొలవాలి. కొస దగ్గర బాయినెట్టు తగిలించే చిన్న ఇనుప ముక్క వుండాలి. అది లేదంటే, గొట్టం పొట్టిగా వుందంటే, ఎవరో వేటకోసం కోసేసి వుంటారు. గొట్టం కింద గజం దూర్చే ఇత్తడి గొట్టాలు మూడు వుండాలి. చెక్క ఇనుముకు సమంగా ఆనాలి. ఇనుము కన్నా చెక్క లోపలికి దిగి వుంటే, గరుకు కాగితంతో బాగా రుద్దారన్నమాట.

రంజకపు రంధ్రం చుట్టూ గుంటలు పడటం మామూలే. మందు కాలి కాలి అక్కడి ఇనుమును తింటుంది. తుపాకి అంతా పాతబడి, అక్కడ మాత్రం నున్నగా వుంటేనే వింత.

విదేశాల్లో పాత యుద్ధాలను వేషాలు కట్టి ఆడి చూపేవాళ్ళున్నారు. వాళ్ళకోసం మన దేశంలో ఇలాంటి తుపాకులు కొత్తగానూ చేస్తున్నారు. వాటికి తుప్పు పట్టించి పాతవని అమ్మేవాళ్ళూ వున్నారు.

దొరికినదాన్ని తళతళలాడేలా తోమితే ముద్రలు పోతాయి, విలువా పోతుంది. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, ఇనుముకు పలచగా నూనె రాస్తే చాలు. ఇంకో సంగతి. బాగుచేస్తే పేలే తుపాకిని లైసెన్సు లేకుండా ఇంట్లో వుంచుకోవడం నేరం. వందేళ్ళు దాటిన పురాతన వస్తువును సొంతంగా విదేశాలకు పంపడానికీ 1972 చట్టం ఒప్పుకోదు. కొనడానికి ఎవరైనా వస్తే, బేరానికి ముందే ఈ రెండూ పోలీసులను అడిగి తెలుసుకోవాలి.