తిరగేసి చూడవలసిన చీర

అహ్మదాబాద్ వైపునుండి వచ్చు రైలు కోసాడ్ స్టేషను దాటినదంటే సూరత్ వచ్చినట్లే. అచటి మరమగ్గాలపై మన తెలంగాణ పద్మశాలీలు ఏండ్ల తరబడి పనిచేయుచున్నారు. కనుక ఆ పాలియెస్టరు చీర స్వదేశీయే. మగ్గము మాత్రము పలుచోట్ల జపాను, చైనా యంత్రము!

2005 జనవరి 1న ప్రపంచ వస్త్రవ్యాపారమున కోటాలు తొలగినవి. విదేశీ సరుకు ముంచెత్తునని భయపడితిమి. కాని పోచంపల్లి నేతగాని కడుపు కొట్టుచున్నది సూరత్‌లో అచ్చయిన ఇక్కత్ నకలు. రెండూ దేశీయములే గదా, దేనిని కొనవలెను?

ఇక్కత్‌లో నూలును ముడివేసి, రంగులద్ది, పిదప నేయుదురు. రంగు ఇరువైపులా సమానముగా నుండును. అచ్చుచీర వెనుకవైపు చాలవరకు వెలవెలబోవును. 1985 చట్టము కొన్ని రకములను చేమగ్గమునకే కేటాయించినది; 2006లో చేనేత గుర్తు వచ్చినది. అయినను అంగడిలో చీరను తిరగేసి చూచువారు అరుదు.